ఎడంచేతి పద్దు

మిర్చియార్డు కొట్టువాళ్ళిచ్చిన డైరీలో
ఎడంచేత్తో రాస్తున్నా ఈ పద్దు.
అక్షరాలు వంకరపోతాయి,
అంకెలు ఎలాగో నిలబడతాయి.

వకాల్తా స్టాంపులు, టైపు కూలి: మూడొందల అరవై.
మస్టరు కాయితాల జిరాక్సు, రెండు సెట్లు: నలభై నాలుగు.
మూడో సెట్టు ఆఫీసువాళ్ళకన్నాడు గుమస్తా వీరాంజనేయులు,
ఆ వేళ నా దగ్గర చిల్లర లేక అతనే ఇచ్చాడు.
అది రాయలేదు.
పెద్దాసుపత్రిలో సర్టిఫికెట్టు: ఉచితం.
దానికోసం తిరిగినవి నాలుగు బుధవారాలు,
ఆ నాలుగు రోజులూ తొడాలు తీసే కూలి పోయింది.
ఏ గడిలో వెయ్యాలో తెలీక
కాయితం అంచున రాశా.

సాక్షి జానీబాషాకి ఒకరోజు కూలి,
ఏటుకూరు నుంచి ఆటో, ఒక బిర్యానీ.
"నేను చూళ్ళేదండీ, అరుపు విన్నా" అన్నాడు ఆఫీసరు ముందు.
బిర్యానీ దండగన్నారు ఇంట్లో.
నేననలేదు.
ఆ పూట అరిచింది నేనేనని
ఇంకో మనిషి చెప్పటం అదే మొదలు.

ముక్తేశ్వరరావు గారు మంచివారు.
"గెలిస్తేనే ఫీజమ్మా, నూటికి ఇరవై" అన్నారు మొదటిరోజే.
స్కూటరు కిక్కు కొట్టీ కొట్టీ
ఆయన కుడికాలి చెప్పు అరిగింది.
మిల్లు వకీలు కార్లో వస్తాడు,
అతనికి గెలుపూ లేదు ఓటమీ లేదు, నెల జీతం.

పదకొండు వాయిదాలు.
ఒకసారి ఆఫీసరు ట్రైనింగుకి పోయారు,
ఒకసారి ఫైలు కనపళ్ళేదు,
ఒకసారి మిల్లు వకీలు కూతురికి పరీక్ష.
నేనెవరో తెలీదంది మిల్లు ముందు.
తర్వాత తెలుసంది,
తెలుసుగానీ నెలకి ఎనిమిదివేలే ఇచ్చామంది.
మస్టర్లో అలాగే ఉంది.

తీర్పు రోజు వకీలు గారు చట్టం పుస్తకం తెరిచి చూపించారు.
ఏ వేలికెంతో అచ్చేసి ఉంది.
బొటనవేలికి ముప్ఫై, చూపుడువేలికి పద్నాలుగు,
ఒకే చేతివి రెండు పోతే ఇరవై.
యార్డులో పలక మీద సుద్దతో రాసే ధరలు గుర్తొచ్చాయి:
తేజ ఇంత, బాడిగ ఇంత, తాలు ఇంత.
నా వేళ్ళు ఏ రకమో అడగలేదు.
అవి పత్తిలో కలిసి ఎప్పుడో బేలయిపోయాయి.

నా వయసుకీ ఒక అంకె ఉందట:
నూట ఎనభై తొమ్మిది పాయింటు యాభై ఆరు.
ముప్ఫై ఎనిమిదేళ్ళ నా బతుకుని
చుక్క తర్వాత కూడా లెక్కపెట్టారు, ఎవరో.

వచ్చింది లక్షా ఎనభై ఒక వెయ్యి తొమ్మిదొందల డెబ్బై ఏడు.
వడ్డీ అడిగితే హైకోర్టుకి పోతామన్నారు, వదిలేశాం.

బ్యాంకులో సంతకం కలవలేదు.
వాళ్ళ దగ్గరున్నది కుడిచేతిది.
ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఒకే మనిషివని
బాండు పేపరు మీద ప్రమాణం చెయ్యాలి:
బాండు వంద, నోటరీ రెండొందలు, సాక్షులిద్దరు.
"ఇది కూడా మిల్లు ఖాతాలో రాయమ్మా"
అని నవ్వారు వకీలు గారు.
తనే ఆపేశారు.

బ్రాడీపేటలో టీకొట్టు బల్ల మీద ఫీజు కట్టాం.
ముప్ఫై ఆరువేల మూడొందల తొంభై అయిదు.
ఆ తొంభై అయిదూ, మూడొందలూ ఉంచుకోమన్నారు.
నోట్లు ఆయనే లెక్కపెట్టుకున్నారు,
చూపుడువేలు నాలిక్కి ఆనించి, నోటు తిప్పి,
మళ్ళీ ఆనించి.
నేనా వేలు వంకే చూస్తున్నా.

"నూటికి ఇరవై అంటే రెండు వేళ్ళండీ" అన్నాను.
నవ్వులాటకే అన్నాను.
ఆయన లెక్క తప్పారు.
కట్ట సర్దుకుని
మొదటినుంచి మొదలుపెట్టారు.

టీ డబ్బులు నేనిచ్చా: ఇరవై నాలుగు.

రాత్రి పద్దు కింద గీత గీశా.
అదీ వంకరే.
మిగిలిందెంతో రాయాలి.
అంచున ఆ నాలుగు బుధవారాలు
ఏ గడిలోకీ రాక ఇంకా అలాగే ఉన్నాయి.